దమ్ము గల ఆటగాడు



మార్గశిర పుష్యమాసములలో ఆదిలాబాదు ప్రాంతపు చలి యెట్టిదో మీరెరుగుదురు. ఆ దినములలో ప్రాతఃకాలమున ఏ ఉన్నత పాఠశాల క్రీడాస్థలమునకు బోయినను మంచులో పరుగులు దీయు బాలబాలికలు కనబడుదురు. వారిలో నొకడు నడుమ నిలిచిపోయి, మోకాళ్లపై చేతులుంచుకొని, రొమ్ములో పిల్లికూతలు వినబడుచుండగా ఊపిరికై పెనగులాడుటయు నప్పుడప్పుడు చూడవచ్చును. తోడివారు "వానికి దమ్ము లేదు" అని నవ్వుదురు. నిజమునకు వానికున్న జబ్బు పేరే దమ్ము. ఉబ్బసమును మన పల్లెలలో ఆ పేరుననే వ్యవహరింతుము గదా! ఒకే మాట బలమునకును వ్యాధికిని పేరైనది. ఈ రెండును ఒక్క మనుష్యునియందే ఇమిడియుండవచ్చునని చూపిన తెలుగు బిడ్డ యొకడు గలడు.

ఆయన శ్రీ పారుపల్లి కశ్యప్. 1986వ సంవత్సరమున జన్మించి, పసితనమునందే హైదరాబాదులో బ్యాడ్మింటను అభ్యసించెను. ఉన్నత పాఠశాల వయస్సు దాటీ దాటని కాలమున, 2004వ సంవత్సర ప్రాంతమున, ఆయనకు ఊపిరి సలుపకుండుట మొదలయ్యెను. పరీక్షలు చేసిన వైద్యులు ఉబ్బసమని తేల్చిరి. ఒంటరియాట బ్యాడ్మింటనులో ఊపిరియే మూలధనము. తన ఆట ముగిసినదనియే ఆ యువకుడు తలచెను. అయినను సరియైన చికిత్సకు లోబడి, శ్రీ పుల్లెల గోపీచంద్ శిక్షణలో మరల సాధన సాగించెను. 2012లో లండను ఒలింపిక్సునందు పురుషుల ఒంటరియాటలో క్వార్టరుఫైనలు చేరిన మొదటి భారతీయుడాయనయే. 2014లో గ్లాస్గో నగరమున కామన్వెల్తు క్రీడల తుదిపోరులో సింగపూరు ఆటగాడైన డెరెక్ వాంగుతో తలపడెను. మొదటి ఆట 21-14తో గెలిచి, రెండవది 11-21తో నోడి, మూడవదానిని 21-19తో దక్కించుకొనెను. పురుషుల ఒంటరియాటలో ఆ స్వర్ణపతకము 32 సంవత్సరముల తరువాత మన దేశమునకు వచ్చినది. ఆ కడపటి పాయింట్లను గెలిచినది ఉబ్బసము గల రొమ్మే!

ఆయన పట్టుదల యెట్టిదో మనము సరిగా గ్రహింపవలెను. జబ్బును దాచి, పండ్లు బిగించి పరుగిడుట పట్టుదల కాదు, అది ప్రాణాపాయము. జబ్బును ఒప్పుకొని, దాని స్వభావమునెరిగి, చెప్పిన మందును తప్పక వాడుచు, నేడు కొంత, రేపు కొంతగా సాధనను పెంచుకొనుటయే పట్టుదల.

ఉబ్బసమున ఊపిరిగొట్టముల లోపొర వాచియుండును. పరుగులో మనము నోటితో వేగముగా గాలి పీల్తుము. ముక్కు వలె నోరు గాలిని వెచ్చజేయజాలదు. చల్లని పొడిగాలి తగిలినంతనే ఆ గొట్టములు ముడుచుకొనును. దుమ్మును పొగయు దీనికి తోడగును. పత్తి యేరు దినములలో ఆదిలాబాదు జిన్నింగుమిల్లుల నూగు, గోదావరిఖని బొగ్గుపొడి, కరీంనగరము చుట్టునున్న గ్రానైటు క్వారీల దుమ్ము, ఇంటిలోని కట్టెలపొయ్యి పొగ, ఇవన్నియు మన పిల్లల రొమ్ములకు శత్రువులే.

దీనికి నేడు పీల్చుమందులు గలవు. ఒకటి దినదినమును పీల్చవలసినది. అది వాపును తగ్గించును. వేరొకటి ఆయాసము వచ్చినపుడు గొట్టములను వెంటనే సడలించును. "పంపు అలవాటైన మానదు" అని పలువురు భయపడుదురు. అది వట్టి అపోహ. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరును గనుక కొద్దిపాటి మోతాదే చాలును. మృగశిర కార్తెనాడు చేపమందుకై హైదరాబాదునకు బోవువారు మన ఊళ్లలోను గలరు. దాని గుణము శాస్త్రీయముగా రుజువు కాలేదు. ఎవరి నమ్మకము వారిది. కాని దానిని మ్రింగితిమని పీల్చుమందును మానుట మాత్రము కూడదు.

ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఉబ్బసము గల బాలుని ఆటలనుండి తొలగింపకుడు. వైద్యుని సలహా గైకొనుడు. పరుగునకు ముందు మెల్లగా ఒళ్లు వేడెక్కు వ్యాయామము చేయింపుడు. పీల్చుమందు వాని జేబులోనే యుండనిండు. ఆయాసము మొదలైనచో ఆట ఆపించి, కూర్చుండబెట్టి, మందు పీల్పింపుడు. మాట పూర్తిగా పలుకలేకపోయినను, పెదవులు నీలివన్నె దాల్చినను, క్షణమైన జాగుసేయక ఆసుపత్రికి చేర్పవలెను.

తలిదండ్రులారా! ఆడపిల్లకు ఈ జబ్బున్నదని తెలిసిన పెండ్లికి అడ్డమగునని దాచిపెట్టకుడు. ఇంగ్లండు దేశపు పౌలా రాడ్‌క్లిఫ్ అను నామెకు 14వ యేటనే ఉబ్బసమున్నట్లు తెలిసినది. ఆమెయే 2003లో లండను మారథానును 2 గంటల 15 నిమిషముల 25 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పినది.

ఇకమీదట మీ బడి క్రీడాస్థలమున ఒక బాలుడు ఆయాసముతో నిలిచినపుడు నవ్వకుడు. వానిచెంతకు బోయి, "మందు తెచ్చుకొంటివా?" అని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నతో వాని ప్రాణము నిలుచును. వాని ఆటయు నిలుచును.