బిగువు – సడలు
(డోంగ్లి గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో ఏదేని యొక ప్రబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ప్రబంధములపై నాకుగల ప్రీతి మీరెఱిగినదే. ఐనను నేడు మోకాలిని గూర్చి చెప్పదలచితిని. నవ్వకుడు. ఈ చిన్న గ్రంథాలయము లేకయున్నచో ఈ విషయమున నాకు అక్షరమైనను తెలిసియుండెడిది కాదు. ఇచట చదివినదానిని సకాలమున మనసున పెట్టుకొననందున మా యింట జరిగిన నష్టమును మీ ముందు చెప్పుట నా విధి యని తలచితిని. నేను వైద్యుడను గాను. లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. కొలత తప్పిన నేమగునో మాత్రము కొంత ఎఱుగుదును.

మంజీర తీరమున, మూడు రాష్ట్రములు కలిసికొనుచోట నున్న మన సీమలో తెలుగు, మరాఠీ, కన్నడము ఒక్క అరుగుమీదనే వినబడును. మూడు భాషలవారికిని సమానమైన వేడుక కుస్తీ. జాతరలో కొబ్బరికాయ కుస్తీతో మొదలిడి, ప్రొద్దు వాలువేళకు వెండి కడియపు కుస్తీతో ముగించుట మన ఆచారము. నా మేనల్లుడు ఆ కడియమునకై యేటేట దిగువాడు. కొన్నియేండ్ల క్రిందట ఒక జాతరలో ప్రత్యర్థి పట్టు విడిపించుకొనబోగా, వాని పాదము మట్టిలో నిలిచిపోయినది. శరీరము మాత్రము తిరిగినది. మోకాలిలో ‘టప్పు’మని శబ్దమైనదట. ఆ రాత్రికే కాలు కుండవలె ఉబ్బినది.

నరము జరిగినదన్నారు మనవారు. ఆకుపసరు వేసి కట్టు కట్టిరి. నెలదినములకు వాపు తీసినది. వాడు లేచి నడచెను. అందఱమును సంతోషించితిమి. ఐతే గట్టు దిగునప్పుడును, పత్తిమూట మోయునప్పుడును మోకాలు హఠాత్తుగా తప్పుచుండెను. “మామా, కాలు నాది కానట్టె అయితున్నది” అని వాడు రెండు మూడు పర్యాయములు చెప్పెను. నేను విని యూరకుంటిని. ఏడాది గడచిన పిమ్మట పెద్దాసుపత్రికి తీసికొనిపోగా, లోపల ఒక స్నాయువు పూర్తిగా తెగినదని తేలినది.

ఆ మాట విని ఇంటికి వచ్చినప్పుడు మన గ్రంథాలయమునందలి సుశ్రుతసంహితను తీసి చూచితిని. శారీరస్థానమున ఆ మహర్షి శరీరమందలి స్నాయువులు 900 అని చెప్పెను: కాలుసేతులయందు 600, మొండెమునందు 230, మెడయు ఆపై భాగమునందు 70. కూడి చూచితిని, లెక్క సరిపోయినది. పలకలతో కూర్చిన పడవ అనేక బంధములతో బిగింపబడిననే నీటిలో మనుష్యుల భారమును మోయగలుగునట్లు, దేహమును స్నాయుబంధములచేతనే భారము నోర్చునని ఆయన యభిప్రాయము. అంతేకాదు. ఎముక గాని, కండ గాని, సిర గాని, సంధి గాని దెబ్బతిన్న దానికంటె స్నాయువు దెబ్బతినుట మనుష్యునకు ఎక్కువ హాని యని స్పష్టముగా చెప్పెను. ఎముక విరిగినచో ఆత్రపడి పరుగెత్తుదుము. స్నాయువు తెగినచో “నరము జరిగిన” దని కూర్చుందుము. మన యజ్ఞానమును ఆ గ్రంథము ఎన్నడో ఎత్తి చూపినది.

నేటి వైద్యులు చెప్పునదేమనగా: తొడయెముకకును ముంగాలియెముకకును నడుమ, మోకాలి గర్భమున, కత్తెరవలె అడ్డముగా దాటుచు రెండు త్రాళ్లు కలవు. అందు ముందటిది ముంగాలియెముక ముందునకు జారకుండ పట్టియుంచును. కాలు నిలిపి దేహమును త్రిప్పినప్పుడు తెగునది తఱచుగా ఇదియే. దీని బలము సామాన్యము గాదు. పడుచువారి దేహములనుండి తీసి పరీక్షింపగా, తెగుటకు సుమారు 2160 న్యూటనుల బలము, అనగా 220 కిలోల బరువు, కావలసివచ్చినదని 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అరువదియేండ్లు దాటినవారియందు అది మూడవవంతునకంటె తగ్గినది. ఇట్టి త్రాడు ఒకసారి తెగిన పిదప, చర్మమువలె తనంతట తాను అతుకుకొనుట అరుదు.

దీనిని బాగుచేయవలెనను యత్నము క్రొత్తది గాదు. 1895లో ఇంగ్లండునందలి లీడ్సు నగరమున మేయో రాబ్సన్ అను శస్త్రవైద్యుడు ఒక గనికూలీ మోకాలియందు తెగిన స్నాయువులను కుట్టెను. 1917లో బ్రిస్టలునందు హే గ్రోవ్సు అనునాయన, కుట్టుటకు మారుగా, తొడప్రక్కనున్న పట్టెను తీసి ఎముకలలో రంధ్రములు చేసి, ఆ దారిని క్రొత్త త్రాడుగా ఎక్కించెను. ఆ మఱుసటి యేట టోక్యోలో కెంజి టకాగి చిన్న గొట్టముగుండ మోకాలి లోపలిని చూచెను. నేటి చికిత్సలో ఈ రెండు దారులును కలిసినవి. పెద్దగా కోయకుండ, గొట్టముగుండ చూచుచు, రోగి తొడవెనుక కండరముల కొనలనుండి గాని, మోకాలిచిప్ప క్రిందినుండి గాని తీసిన తంతువును లోపల నిలుపుదురు. మన హైదరాబాదు పంజగుట్టలోని నిజాం వైద్యసంస్థ సైతము 1964లో ఎముకల ఆసుపత్రిగానే వెలసినది. ఇట్టి చికిత్స నేడు మనకు దూరదేశపు వింత కాదు.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వత్తును. శస్త్రచికిత్సకు ముందునాడు వైద్యునితో నేనొక మాటంటిని: “అయ్యా, వాడు కుస్తీ పట్టువాడు. త్రాడును ఎంత బిగింపగలరో అంతయు బిగింపుడు.” ఆయన నవ్వి, “మీ యింట నులకమంచము అల్లిన యనుభవమున్నదా?” యని యడిగెను. ఉన్నదంటిని. “క్రొత్త నులక మొదటినాడు గట్టిగానే యుండును. నాలుగు రాత్రులు పండుకొనిన పిదప?” అనెను. సడలును, కాళ్లవైపు త్రాళ్లను మరల లాగి బిగింతుమంటిని. “మోకాలికి మరల లాగి బిగించు వీలు లేదు. అందుచే ఆ నాలుగు రాత్రుల సడలును మేము శస్త్రచికిత్సనాడే తీసివేయవలెను” అని ఆయన చెప్పెను.

ఆ పని యెట్లు చేయుదురో విన్నాను. తంతువును తీసిన పిమ్మట నాలుగు పేటలుగా మడిచి, కొనలకు దారములు కుట్టి, చిన్న పలకపై రెండు కొక్కెముల నడుమ కొంతసేపు లాగి యుంతురు. మొదటి సడలు అచటనే పోవును. పిదప ఎముకలలో బరమాతో తొలిచిన సొరంగములగుండ దానిని ఎక్కించి, పైకొనను తొడయెముకకు బిగింతురు. క్రిందికొన దారములు ముంగాలి సొరంగమునుండి వెలుపలికి వచ్చును. వీనిని లాగుటకే ఒక సాధనము కలదు. అది ముంగాలికి పట్టీలతో కట్టబడును. అందొక మరయు, స్ప్రింగును, అంకెలు గీచిన కొలబద్దయు నుండును. మన సంతలో వ్రేలాడదీసి తూచు స్ప్రింగు కాటా యెట్టిదో ఇదియు అట్టిదే. మర త్రిప్పినకొలది త్రాడు బిగియును. ఎంత బిగిసినదో అంకె చెప్పును. ఆ లాగుడు నట్లే నిలిపి, వైద్యుడు మోకాలిని పలుమార్లు ముడుచుచు చాచుచు నుండును. త్రాడు కొంచెము సాగును, అంకె తగ్గును. మరల మర త్రిప్పును. అంకె స్థిరపడిన పిదపనే క్రిందికొనను మరమేకుతో ఎముకలో బిగించును.

ఈ సాధనము లేనిచో చేతితో లాగుదురు. చేయి తిరిగినవారు చక్కగనే చేయుదురు. కాని ఒకని లాగుడు మఱియొకని లాగుడు వలె నుండదు. ఒకే మనుష్యుని చేయియు ఉదయమున్నట్లు సాయంకాలముండదు. దోసిలితో ధాన్యము కొలిచిన నమ్మకమునకును, కాటాపై తూచిన నమ్మకమునకును గల భేదమే ఇచట నున్నది.

మఱి ఎంత బిగింపవలెను? సడలుగా నిలిపినచో చికిత్స చేసియు చేయనట్లే. కాలు మునుపటివలె తప్పును. మితిమీరి బిగించినచో ఎముకకు ఎముక ఒరసికొని నడుమనున్న మృదులాస్థి అరుగును. కాలు పూర్తిగా చాచుటకు రాదు. క్రొత్త తంతువును క్షీణించును. జపానులో 1997లో ప్రకటించిన యొక పరిశోధనలో, రోగులను మూడు వర్గములుగా చేసి, 20, 40, 80 న్యూటనుల బలముతో బిగించి చూచిరి. 80 అనగా సుమారు 8 కిలోల లాగుడు. ఆ వర్గమున సడలు తక్కువగా కనబడినది. ఐనను తంతువు జాతిని బట్టియు, బిగించు విధమును బట్టియు ఈ యంకె మారును. లోకమందలి వైద్యులందఱును ఒకే యంకెపై నేటికిని ఏకీభవింపలేదు. తెగుటకు 220 కిలోలు కావలసిన త్రాడును నిలుపుటకు ఇంత స్వల్పమైన లాగుడు చాలుననుట నాకు ఆశ్చర్యము గొల్పినది. వీణకు బిరడ త్రిప్పువాడు తంత్రి యోర్వగలిగినంత త్రిప్పడు. స్వరము పలుకునంతయే త్రిప్పును.

బిగువుతోపాటు కాలు ఏ కోణముననున్నప్పుడు బిగించితిమను విచారమును కలదు. దూడను గుంజప్రక్కనే నిలిపి తలుగు పొట్టిగా కట్టినచో అది తొట్టిదాక పోజాలదు. అట్లే మోకాలిని మిక్కిలి ముడిచి త్రాడు బిగించినచో కాలు చాచునప్పుడు అది అడ్డుపడును. కావున కాలు చాచియుండగనో, కొంచెముగా మాత్రమే ముడిచియుండగనో బిగింతురు.

హోళి వెళ్లిన పదిదినములకు మావానికి శస్త్రచికిత్స జరిగినది. అంతయు సవ్యముగా నున్నదని వైద్యులు చెప్పిరి. ప్రతిదినము చేయవలసిన వ్యాయామములను వ్రాసి యిచ్చి, తొమ్మిది నెలలవఱకు బరువుపనులు, కుస్తీలు వలదనిరి. రెండు నెలలకు వాడు నొప్పి లేక నడచుచుండెను. మృగశిర కార్తె వచ్చినది, వానలు పడినవి. సోయా విత్తుటకు కూలీలు దొరకలేదు. అప్పుడు నేనేమంటినో ఈ సభలో చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. “నొప్పి లేనివానికి విశ్రాంతి యేమిటిరా? అప్పు ఎవరు తీర్తురు?” అంటిని. వాడు పెద్దవాని మాట కాదనలేక విత్తనపు బస్తా భుజమున వేసికొని చేనిలోనికి దిగెను. నల్లరేగడి తడిసియున్నది. పాదము బురదలో దిగబడినది. బరువు వానిని ప్రక్కకు త్రిప్పినది. జాతరలో జరిగినదే మరల జరిగినది.

తరువాత తెలిసినది. క్రొత్తగా నిలిపిన తంతువు మొదట రక్తప్రసారము లేని దారమువంటిది. దేహము దానిలోనికి రక్తనాళములను పంపి, పాతను కరిగించి, మెల్లగా తన స్నాయువుగా మార్చుకొనును. ఆ మార్పు జరుగు తొలి మూడు నెలలలోనే అది మిక్కిలి బలహీనముగా నుండును. సరిగా ఆ కాలముననే నొప్పియు తగ్గును! నొప్పి లేదు గనుక నయమైనదనుకొంటిని. జమ మాత్రము చూచి, ఖర్చు చూడని లెక్క అది. మర త్రిప్పి అంకె చూచి వైద్యుడు నిలిపిన బిగువును నేను ఒక్క మాటతో సడలించితిని.

మరల చికిత్స చేయవచ్చుననిరి. కాని పాత సొరంగములున్నచోట రెండవమారు పని కష్టతరమనియు చెప్పిరి. వాడు వలదనెను. నేడు సేద్యము చేసికొనుచున్నాడు. గట్టు దిగునప్పుడు చూచి దిగును. కడియపు కుస్తీ మానినాడు. సాయంకాలము తాలీములో పిల్లలకు పట్లు నేర్పుచున్నాడు. నన్నొక్కమాటయు అనలేదు. అదియే నాకు బరువు.

యువకులు నిరాశ పడవలదు. హర్యానాకు చెందిన మల్లయోధురాలు వినేశ్ ఫోగట్ 2016లో రియో ఒలింపిక్సు బరిలో మోకాలు దెబ్బతిని స్ట్రెచరుపై వెడలెను. 2018లో ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందెను. 2023లో మరల మోకాలి స్నాయువుకు శస్త్రచికిత్స జరిగినది. 2024లో పారిస్ ఒలింపిక్సున తుదిపోటీవఱకు వచ్చెను. అచట 100 గ్రాముల బరువు ఎక్కువైనందున పోటీకి దూరమయ్యెను గాని, ఆ మోకాలు ఆమెను దిగవిడువలేదు.

కావున నా మనవి ఇది. కుస్తీలోనో, కబడ్డీలోనో, పొలముననో మోకాలు తిరిగి, శబ్దమై, వాచినచో ‘నరము జరిగిన’ దని యేడాది గడుపకుడు, వైద్యునకు చూపుడు. అందఱికిని శస్త్రచికిత్స అక్కఱలేదు. కొందఱికి వ్యాయామమే చాలును. అది నిర్ణయింపవలసినది వైద్యుడు. చికిత్స జరిగినచో నెలలను లెక్కపెట్టుడు, నొప్పిని కాదు. ఇంటి పెద్దలకు మఱియొక మనవి: ఆ తొమ్మిది నెలలు వాని వంతు పనిని మిగిలినవారు పంచుకొనుడు. ఒక పంట పోయిన మరల పండును.

నేను ఆ రోగవిషయమును చదువవలసినంతయు చదివితిని. కాని చికిత్స తరువాతి ప్రకరణమును చదువక గ్రంథమును మూసితిని. మన గ్రంథాలయపు రాబోవు ఇరువదియైదేండ్లలో ఎవరును అట్లు సగము చదివి మూయకుందురు గాక.