ఫోను నిండిందా? చదివి నొక్కండి



అక్షరాలు దిద్దాం. పేరు రాయడం నేర్చాం. బస్సు బోర్డు చదువుతున్నాం. పొదుపు పుస్తకంలో అంకెలు చూసుకుంటున్నాం. ఇక చేతిలో ఉన్న ఫోను చదవాలి. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ఫోను మీద ఒక్కోసారి 'స్టోరేజ్ నిండింది' అని కనబడుతుంది. కొన్ని ఫోన్లలో 'నిల్వ' అని ఉంటుంది. అప్పుడు ఫోటో తీయబోతే రాదు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో తెరుచుకోదు. కొత్త యాప్ దిగదు. ఫోను నత్తలా నడుస్తుంది.

చాలామంది అప్పుడు రీఛార్జి చేయిస్తారు. డబ్బు దండగ. రీఛార్జితో ఈ జబ్బు పోదు. డేటా వేరు, స్టోరేజ్ వేరు. డేటా వాడేకొద్దీ అయిపోతుంది, మళ్లీ కొంటాం. స్టోరేజ్ అంటే ఫోను లోపలి గాదె. గాదె నిండితే కొత్త వడ్లకు జాగా ఉండదు గదా! కొంత తీస్తేనే కొంత పడుతుంది. అందుకే ఫోను మీద ఏ మాట వచ్చిందో ముందు కూడబలుక్కుని చదవండి.

గాదె ఎంత పెద్దదో జీబీల్లో చెబుతారు. 32, 64, 128 అని ఉంటాయి. అందులో కొంత భాగం ఫోను తన సొంత పనికే వాడుకుంటుంది. మిగిలిందే మనది. ఒక జీబీ అంటే సుమారు 1000 ఎంబీ. ఒక ఫోటోకు మూడు, నాలుగు ఎంబీ పడుతుంది. నిమిషం వీడియోకు వంద ఎంబీ దాకా పడుతుంది. పది నిమిషాలు పెళ్లి వీడియో తీస్తే ఎంతయిందో మీరే లెక్క వేయండి.

పళ్ల చక్రం బొమ్మ ఉంటుంది చూడండి, అది సెట్టింగ్స్. అందులో స్టోరేజ్ అన్న చోట నొక్కండి. గాదెలో ఏది ఎంత జాగా తింటున్నదో అక్కడ కనబడుతుంది. చాలామంది ఫోన్లలో పెద్ద వాటా వాట్సాప్‌దే. తెల్లవారితే చాలు, పూల బొమ్మలు, దేవుడి వీడియోలు, నవ్వుల వీడియోలు. పంపేవాళ్లది ప్రేమే, కాదనను. కానీ జాగా మనది.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో కూడా స్టోరేజ్ అని ఉంటుంది. అక్కడ 5 ఎంబీ కన్నా పెద్దవన్నీ ఒకచోట చూపిస్తుంది. వీడియోలు ముందు తీసేయండి. వంద ఫోటోలు ఏరడం కన్నా నాలుగు వీడియోలు తీయడం సులువు. వచ్చిన ప్రతిదీ దానంతటదే దిగకుండా అక్కడే ఆపుకోవచ్చు. అప్పుడు మీరు నొక్కిందే దిగుతుంది. డేటా కూడా మిగులుతుంది.

"ఫోటోలు పోతాయేమో టీచరమ్మా!" అని మొన్న ఒక అక్క అడిగింది. ఆ భయం మంచిదే. కొన్ని చోట్ల నిజంగానే పోతాయి. అవి ఎక్కడో వినండి.

యాప్ పేరు కింద రెండు మాటలు ఉంటాయి. ఒకటి 'కాష్'. అది తుడిస్తే నష్టం లేదు. వాడి పడేసిన తుక్కు అది. రెండోది 'డేటా'. కొన్ని ఫోన్లలో దాని బదులు 'స్టోరేజ్' అని ఉంటుంది. వాట్సాప్‌కు అది తుడిస్తే మాటామంతీ ఫోనులోంచి పోతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ ఒక్క మాట చదవడం వచ్చిందా, సగం గండం గడిచినట్టే.

గూగుల్ ఫోటోస్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అందులో ఫోటో చెరిపితే ఫోనులోనూ పోతుంది, గూగుల్ దగ్గర దాచిందీ పోతుంది. అయితే వెంటనే కాదు. బుట్టలోకి వెళుతుంది. దాచిన ఫోటో 60 రోజులు, దాచనిది 30 రోజులు అక్కడ ఉంటుంది. ఈలోగా వెనక్కి తెచ్చుకోవచ్చు. బుట్ట ఖాళీ చేశామా, ఇక రాదు. గూగుల్ ఊరికే ఇచ్చే జాగా 15 జీబీ. అదీ నిండుతుంది.

ఇక రీసెట్. ఫోను బాగుచేసే చోట కొందరు తొందరలో అదే కొట్టి ఇస్తారు. ఫోను కొత్తదానిలా పరుగెడుతుంది. లోపల మనది ఏమీ మిగలదు. చనిపోయిన అమ్మ ఫోటో, పట్టా పుస్తకం ఫోటో, సంఘం లెక్కల ఫోటో అన్నీ పోతాయి. కాబట్టి ఫోను ఇచ్చే ముందు "రీసెట్ చేయవద్దు బాబూ" అని నోరు తెరిచి చెప్పండి. తప్పదంటే ముఖ్యమైనవి మెమరీ కార్డులోకో, ఇంకో ఫోనులోకో ఎక్కించండి. ఎక్కాయని వినడం కాదు, అక్కడ తెరిచి చూడండి.

జాగా చేసి పెడతామంటూ కొన్ని క్లీనర్ యాప్‌లు వస్తాయి. 'మీ ఫోనుకు ప్రమాదం' అని ఎర్రగా బెదిరిస్తాయి. వాటిలో చాలావరకు గాదె కింద పందికొక్కులే. అవే జాగా తిని, పైగా ప్రకటనలు చూపిస్తాయి. నమ్మకండి.

సరే, ఇప్పుడు ఫోన్లు తీయండి. సెట్టింగ్స్ తెరవండి. గాదె ఎంత, నిండింది ఎంత, ఆ రెండు అంకెలు నోట్సులో రాయండి. ఛార్జింగు లేనివాళ్లు పక్క అక్క ఫోనులో చూడండి. పిల్లల చేతికి ఇవ్వొద్దు. మీరే నొక్కండి.