విశ్వవిద్యాలయములందు మార్పు – ముందు చేయవలసిన సన్నాహము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



భద్రాచలమువద్ద గోదావరిపై వంతెన లేని దినముల నెరిగిన వృద్ధులు ఈ ప్రాంతమున ఇంకను కలరు. ఆనాడు ఆవలి యొడ్డునకు పడవయే దిక్కు. 1959లో మొదలైన వంతెన పని 1965లో ముగియగా, నాటి రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ దానిని ప్రారంభించిరి. వంతెనకు పునాది పడినది గదా యని ఎవరును మరునాడే పడవలను ఒడ్డున కట్టివేయలేదు. స్తంభములు నీటినుండి పైకి లేచుచుండగా ఏటిపై రాకపోకలు పడవలమీదనే సాగినవి. ఏరు దాటువారికి ఇది చెప్పనక్కరలేని సంగతి. కాని విద్యాలయములలో మార్పు తలపెట్టినపుడు పెద్దలు పలుమారు మరచునది ఈ సంగతినే.

ఆ రాధాకృష్ణన్ గారే 1948-49లో విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులు. ఉన్నతవిద్యలో ఇంగ్లీషు స్థానమును సాధ్యమైనంత త్వరలో భారతీయ భాష పొందవలెనని ఆ సంఘము సూచించినది. ఇట్టి సూచనలలో ‘త్వరలో’ అను మాట అందరికిని వినబడును. ‘సాధ్యమైనంత’ అను మాట కొందరికే వినబడును. ఏది యెంతవరకు సాధ్యమో ముందుగా లెక్కవేసికొనుటయే సన్నాహము.

దీనికి తెలంగాణమున గొప్ప నిదర్శనము ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర. దాని స్థాపనకు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1917లో ఫర్మానా జారీచేసెను. బోధన ఉర్దూలో జరుగవలెనని నిశ్చయము. అయితే ఆ భాషలో పై తరగతులకు తగిన శాస్త్రగ్రంథములెక్కడివి? అందుచేత కళాశాల తెరచుటకు ముందే, 1917లోనే, అనువాదశాల నెలకొల్పబడెను. పారిభాషిక పదములను నిర్ణయించుటకును, గ్రంథములను అనువదించుటకును పండితులు నియమింపబడిరి. కళాశాలలో తరగతులు 1919లో ఆరంభమైనవి. ఇంగ్లీషును తోసివేయక, అందరును చదువవలసిన పాఠ్యవిషయముగా నుంచిరి. ముందు పుస్తకము, పిమ్మట తరగతి – ఇది మెచ్చదగిన క్రమము.

కాని యింత సన్నాహములోను ఒక లోపము మిగిలెను. ఆ సంస్థానములో అధికసంఖ్యాకుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడములు. ఖమ్మము పల్లెనుండి పోయిన తెలుగు బాలునికి ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన భాషయే. పథకము వేసినవారు పుస్తకమును గూర్చి ఆలోచించిరి గాని, ఆ పుస్తకము తెరవవలసిన పిల్లవాని యింటి భాషను గూర్చి ఆలోచింపలేదు. మాతృభాషలో విద్య కావలెనను కోరిక ఆంధ్రమహాసభ వేదికలపై వినవచ్చుచుండెను. 1934లో ఆ మహాసభ ఖమ్మములోనే జరిగినది.

1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన పిమ్మట బోధనాభాష ఇంగ్లీషుగా మారినది. మూడు దశాబ్దములపాటు కూర్చిన అనువాద గ్రంథములు అల్మారాలకు పరిమితమైనవి. ఈ మార్పు మంచిదా, చెడ్డదా యను వాదము వేరు. ఉర్దూలో ఉన్నత పాఠశాల ముగించి కళాశాల గడప యెక్కబోవు విద్యార్థి మాత్రము నడియేటిలో నిలిచినవాడయ్యెను.

మూడవ మార్పు 1968లో మొదలైనది. ఆ యేట తెలుగు అకాడమి స్థాపింపబడెను. పి. వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను వెలువరించినది. కళాశాలలలో తెలుగు మాధ్యమము వ్యాపించినది. ఇంగ్లీషునకు జంకి చదువు మానుకొనదగిన పల్లెబిడ్డలకు డిగ్రీ అందుబాటులోనికి వచ్చినది. ఈసారి పుస్తకమును, పిల్లవానిని కూడ తలచిరి. అయితే తరువాతి మెట్టును తలచుట చాలలేదు. వైద్యము, ఇంజనీరింగు మొదలగు వృత్తివిద్యలు ఇంగ్లీషులోనే నిలిచినవి. తెలుగులో చక్కగా చదివినవాడు ఆ మెట్టువద్ద మరల అ ఆ లు దిద్దుకొనవలసి వచ్చెను.

ఈ మూడు మార్పులును కలిపి చూచినచో ఒక నిర్ణయము తేలును. ఏ మార్పునకైనను తేదీ నిర్ణయించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. పుస్తకములును, వానిని బోధించు అధ్యాపకులును సిద్ధముగా నున్నారా? దానిని అందుకొనవలసిన విద్యార్థి ఎచ్చటినుండి, ఏ భాషతో వచ్చుచున్నాడు? ఇది ముగించిన పిమ్మట వాడు ఎక్కవలసిన మెట్టు ఏది? వీనికి నాలుగవది యొకటి చేర్చవలెను: పాత పద్ధతిలో చేరి సగము దారిలో నున్నవాని గతి యేమి?

ఈ నాలుగవ ప్రశ్న దూరపు ముచ్చట కాదు. 2014లో చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాచలమునకు ఆనుకొనియున్న ఎటపాకకు పోవుట పొరుగు రాష్ట్రమునకు పోవుట యైనది. 2016లో తెలంగాణ డిగ్రీ కళాశాలలలో వార్షిక పరీక్షల పద్ధతి పోయి సెమిస్టరు పద్ధతి వచ్చినది. ప్రవేశములు ఆన్‌లైనులోనికి మారినవి. ఆ యేటనే భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. 2025లో కొత్తగూడెములోని కాకతీయ విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలను రాష్ట్రప్రభుత్వము డాక్టర్ మన్మోహన్ సింగ్ భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా ఉన్నతీకరించినది. ఒకనాడు అది గనుల విద్యకై వెలసిన కళాశాల. 1889లో ఇల్లందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము మొదలైన ఈ నేలపై భూవిజ్ఞానమునకే ఒక విశ్వవిద్యాలయము వెలయుట తగియున్నది.

కాని బోర్డు మార్చుట ఒకదినపు పని. విశ్వవిద్యాలయమును నిర్మించుట ఒక తరము పని. కళాశాల బోధించిన చాలును. విశ్వవిద్యాలయము పరిశోధింపవలెను, పాఠ్యప్రణాళికలు తానే వ్రాసికొనవలెను, పరీక్షలు తానే నడిపి పట్టములు తానే ఈయవలెను. దీనికి ఆచార్యులు, ప్రయోగశాలలు, గ్రంథాలయము, నిలుకడగల ధనము కావలెను. పాత విశ్వవిద్యాలయము క్రింద చేరిన విద్యార్థి పాత నిబంధనలతోనే చదువు ముగించునట్లును, తప్పిన పరీక్ష మరల వ్రాయుటకు కొన్ని యేండ్లు గడువు ఉండునట్లును ఏర్పాటు కావలెను. అట్టి యేర్పాటు వ్రాతపూర్వకముగా నుండి, విద్యార్థి తల్లిదండ్రులకు తెలుగులో అందవలెను. ఏడాదికొకసారి ఎందరు చేరిరి, ఎందరు నడుమ మానిరి, ఏల మానిరి యని లెక్క చూచి, తప్పు దిద్దుకొనవలెను.

ఇచ్చట తెలుగువారు తమ్ము తాము అడుగవలసినది యొకటి కలదు. దుమ్ముగూడెము, చర్ల అడవులలోని కోయబిడ్డ ఇంటిలో కోయభాష మాటలాడును, బడిలో తెలుగు చదువును, కళాశాలలో ఇంగ్లీషు నెదుర్కొనును. నాడు తెలుగు బాలునికి ఉర్దూ ఎట్టిదో, నేడు ఆ బిడ్డకు తెలుగు అట్టిదే. 2023 నాటి చట్టముతో ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఏర్పడినది. గిరిజన విద్యాలయము పేరులోనే గాక పాఠములోను ఆ బిడ్డను తలచినపుడే దాని పేరు సార్థకము.

ఈ మార్పులలో గ్రామ గ్రంథాలయమునకు పని లేదనుకొనరాదు. క్రొత్త పాఠ్యప్రణాళిక వచ్చిన దినముననే పాత పుస్తకములను తీసివేయక, ఆ పద్ధతిలోని కడపటి విద్యార్థి గట్టెక్కువరకు వానిని బీరువాలో నుంచవలెను. తెలుగు-ఇంగ్లీషు పారిభాషిక పదకోశమొకటి బల్లపై అందరికిని అందవలెను. ప్రవేశముల గడువులు, ఉపకారవేతనముల ప్రకటనలు పలకపై వ్రాసి, చదువురాని తల్లిదండ్రులకు చదివి వినిపింపవలెను. వంతెనలు ప్రభుత్వములు కట్టును. అవి పూర్తియగువరకు ఈ రేవున పడవను నడపవలసినది ఈ గ్రంథాలయమును, దాని సభ్యులును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ ఆ పడవను ఒడ్డునకు లాగివేయకుండుగాక.