నీళ్లు ఎటు పోతాయి? – దుబాయ్ కట్టడాల దగ్గర నేను నేర్చుకున్నది

(పాఠశాల స్వర్ణోత్సవాల రెండో రోజు సభలో చేసిన ప్రసంగం)



నేను 1986 పదో తరగతి బ్యాచ్. కమిటీ వాళ్లు ఫోన్ చేసి "దుబాయ్‌లో పెద్ద పెద్ద బిల్డింగులు కట్టినవు గదా, పిల్లలకు ఉత్సాహం వచ్చేటట్టు ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. ఉత్సాహం సంగతి నా చేతుల్లో లేదు గాని, నాకు తెలిసింది చెబుతాను. ముందే ఒక మాట. బుర్జ్ ఖలీఫా నేను కట్టలేదు. ఊళ్లో కొందరు అలా అనుకుంటున్నారని మా అమ్మ చెప్పింది. అది లేస్తున్న రోజుల్లో దానికి కనుచూపు మేరలో వేరే సైట్‌లో ఉన్నాను, అంతే.

మన బడి వెనక వైపు పల్లం అని అందరికీ తెలుసు. వానాకాలంలో ఆ చివరి గదిలోకి నీళ్లొచ్చేవి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రోజు మన సైన్స్ సారు మమ్మల్ని పారలు, గడ్డపారలు తెచ్చుకొమ్మన్నారు. మైదానం మధ్యలో నిలబెట్టి "నీళ్లు ఎటు పోతయిరా?" అని అడిగారు. తలా ఒక దిక్కు చూపించాం. అప్పుడాయన మేస్త్రీ దగ్గర తెచ్చిన లెవెల్ పైపులో నీళ్లు నింపి, ఒక కొస నాకిచ్చి, ఇంకో కొస తాను పట్టుకుని మైదానమంతా తిప్పారు. మేము చూపించిన దిక్కులన్నీ తప్పే. మూడు రోజులు తవ్వి చెరువు వైపు కాలువ తీశాం. ఆ తర్వాత నేను ఉన్నన్ని రోజులు ఆ గదిలోకి నీళ్లు రాలేదు.

వరంగల్‌లో సివిల్ చదివి, హైదరాబాద్‌లో కొన్నేళ్లు పనిచేసి, 2004లో దుబాయ్ వెళ్లాను. అప్పుడు ఆ ఊరు మొత్తం ఒకే సైట్‌లా ఉండేది. ఎందుకలా అయిందో కొంచెం చెప్పాలి. దుబాయ్‌లో నూనె దొరికింది 1966లో. పక్కనున్న అబుధాబితో పోలిస్తే అది చాలా తక్కువ. అయిపోయేలోపు వేరే బతుకుతెరువు చూసుకోవాలన్నది అక్కడి పాలకుల లెక్క. వాళ్లది పాత వ్యాపారుల ఊరు. నూనె దొరక్కముందే, ఓడలు లోపలికి రావాలని అప్పు చేసి మరీ క్రీక్‌లో పూడిక తీయించారు. 1979లో జెబెల్ అలీ రేవు, అదే ఏడాది 39 అంతస్తుల వరల్డ్ ట్రేడ్ సెంటర్, 1985లో ఫ్రీ జోన్. ట్రేడ్ సెంటర్ కట్టినప్పుడు దాని చుట్టూ ఇసుకే. ఇంత దూరంలో ఎవరొస్తారని నవ్వారట. ఇప్పుడు అది ఊరి నడిబొడ్డు. ఆ తర్వాత 2002లో విదేశీయులు కూడా ఇళ్లు, ఫ్లాట్లు సొంతానికి కొనుక్కోవచ్చని ప్రకటించారు. దాంతో తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

ఎడారి అంటే నీళ్లుండవని మనం అనుకుంటాం. నేనూ అనుకునే వెళ్లాను. నా మొదటి సైట్‌లో రెండు మూడు మీటర్లు తవ్వగానే నీళ్లు పడ్డాయి. సముద్రం పక్కనే కాబట్టి ఒడ్డు వెంట అంతా అంతే. ఆ నీళ్లు సముద్రపు నీళ్ల కంటే ఉప్పన. ఉప్పు కాంక్రీట్‌లోకి దిగితే లోపలి సలాకలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, కాంక్రీట్ పగులుతుంది. అందుకే అక్కడ పునాదికి పడే కష్టం పైన కనబడదు. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు అని పిల్లలు కూడా చెబుతారు. దాని కింద 192 పైల్స్ ఉన్నాయని, ఒక్కొక్కటి మీటరున్నర వెడల్పుతో 50 మీటర్ల లోతు దాకా దిగిందని, వాటి మీద 3.7 మీటర్ల మందంతో రాఫ్ట్ పోశారని, తుప్పు పట్టకుండా కరెంటుతో కాపాడే ఏర్పాటు పునాదిలో పెట్టారని ఎవరూ చెప్పరు.

ఇంకో విచిత్రం ఉంది. చుట్టూ అంత ఇసుక పెట్టుకుని కాంక్రీట్‌కు ఆ ఇసుక వాడరు. గాలికి దొర్లి దొర్లి ఆ రేణువులు నున్నగా, గుండ్రంగా అయిపోయి ఉంటాయి. ఒకదాన్నొకటి పట్టుకోవు. పామ్ జుమేరా దీవికి కూడా ఎడారి ఇసుక పనికిరాలేదు. సముద్రం అడుగు నుంచి 9 కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక తోడి పోశారు. దాని చుట్టూ రాళ్ల కట్ట కట్టాక లోపలి నీళ్లు కదలక మురుగుతాయని తేలింది. కట్టలో ఖాళీలు వదిలి సముద్రం లోపలికి వచ్చిపోయేలా చేశారు. అంత పెద్ద కంపెనీలు, అంత పెద్ద ఇంజనీర్లు! చివరికి అడగాల్సి వచ్చింది మన సారు అడిగిన ప్రశ్నే.

ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు, మనకూ తెలుసు. కానీ కాంక్రీట్‌కు కూడా ఎండదెబ్బ తగులుతుంది. పోసేటప్పుడు దాని వేడి 32 డిగ్రీలు దాటకూడదని మా సైట్‌లలో నిబంధన. బయట 45. అందుకే మంచు ముక్కలు కలిపి రాత్రిపూట పోసేవాళ్లం. ఆ రాత్రుల్లోనే తెలుగు ఎక్కువ వినపడేది. సలాకలు కట్టేవాళ్లలో, షట్టరింగ్ చేసేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్లు ఎంతమందో. వేసవి మూడు నెలలు మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, 12.30 నుంచి 3 గంటల వరకు. మంచి చట్టమే. అయితే మూడింటికి ఎండ పోతుందని ఆ చట్టం రాసినవాళ్లు నమ్మినట్టున్నారు.

2007లో మా సైట్‌లో ఒకతను నా హెల్మెట్ మీద పేరు చూసి దగ్గరికొచ్చాడు. "అన్నా, నువ్వు మన బడిల చదువుకున్నవు గదా? నేను నీకు రెండేండ్లు చిన్న. కాలువ తవ్విన్నాడు నీళ్ల బిందె మోసింది నేనే" అన్నాడు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు. నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చాడు. సోనాపూర్ క్యాంపులో ఒక గదికి పది మంది. నేను ఇంజనీర్, ఆయన సలాకలు కట్టే మనిషి. సైట్‌లో నేను బల్ల దగ్గర కూర్చుని తింటే ఆయన నీడ వెతుక్కుని తినేవాడు. ఒక బడిలో చదివినవాళ్లం ఒక చోట కూర్చుని తినడానికి అక్కడ వీలు లేదు. నేను వీలు కల్పించుకోనూ లేదు.

కట్టకముందే అమ్మడం ఆ రోజుల్లో పద్ధతి. గుంత తవ్వకముందే బొమ్మ చూపించి ఫ్లాట్లు అమ్మేవాళ్లు. కొన్నవాడు పది శాతం కట్టి, ఆ కాగితాన్ని లాభానికి ఇంకొకరికి అమ్మేవాడు. మేము మూడో బేస్‌మెంట్ తవ్వుతుంటే ఇరవయ్యో అంతస్తు ఫ్లాట్ రెండు మూడు చేతులు మారిపోయేది. 2008 చివర్లో ప్రపంచమంతా అప్పులు ఆగిపోయాయి. కొనేవాళ్లు వాయిదాలు కట్టడం మానేశారు. క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. 2009 నవంబర్‌లో దుబాయ్ వరల్డ్ సంస్థే అప్పులు కట్టడానికి గడువు అడిగింది. డిసెంబర్‌లో అబుధాబి వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది.

మా సైట్ అంతకు ముందే, 2009 మొదట్లో ఆగింది. నాలుగు బేస్‌మెంట్లు పూర్తయ్యాయి, నేల మట్టానికి వచ్చాం. అక్కడ ఆగకూడదు. ఎందుకో చెబుతాను, పిల్లలు కొంచెం వినండి. ఖాళీ చెంబును నీళ్లలో ముంచితే చేతిని పైకి తంతుంది కదా. బేస్‌మెంట్ కూడా నేలలో ముంచిన ఖాళీ చెంబే. మా రాఫ్ట్ అడుగు నీటిమట్టానికి 12 మీటర్ల కిందుంది. అంటే ప్రతి చదరపు మీటరునూ నీళ్లు 12 టన్నుల బలంతో పైకి తోస్తాయి. రాఫ్ట్, దాని మీది స్లాబులు అన్నీ కలిపినా బరువు 7 టన్నులు. ఇంకో ఆరేడు అంతస్తులు లేచేదాకా పంపులు రాత్రింబగళ్లు నీళ్లు తోడుతూనే ఉండాలి. ఆపితే కట్టిందంతా పడవలా లేస్తుంది, పగులుతుంది. డబ్బు ఆగిపోవచ్చు, పని ఆగిపోవచ్చు, పంపు మాత్రం ఆగకూడదు.

నాలుగు వందల మందిని పంపించేశారు. ఆ జాబితాల మీద నా సంతకం ఉంది. పంపులు చూడటానికి ఆరుగురిని ఉంచాలన్నారు. నేను ఆయన పేరు రాశాను. మేలు చేస్తున్నాననుకున్నాను, ఉద్యోగం నిలుస్తుంది కదా అని. ఐదు నెలలు వాళ్లకు జీతం రాలేదు. జనరేటర్‌కు డీజిల్ వచ్చేది, మనిషికి జీతం వచ్చేది కాదు. నాకు ఆలస్యంగానైనా వచ్చేది. రోజూ పొద్దున వెళ్లి, పంపులు నడుస్తున్నాయని రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాణ్ని. ఒక రోజు ఆయన అడిగాడు: "అన్నా, నేను దీన్ని ఒక్క రాత్రి బంద్ చేస్తే ఏమైతది?" ఏమవుతుందో చెప్పాను. కాసేపు పంపు చప్పుడు విన్నాడు. "అయితే కంపెనీకి మా మీద ఇంత భరోసా ఉన్నదన్నట్టు" అని నవ్వాడు. పంపు ఆపలేదు. ఐదు నెలలకు గాను రెండు నెలల జీతం చేతికొచ్చింది, టికెట్ ఇచ్చారు, 2010లో ఇంటికొచ్చాడు. అప్పు తీరడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. మిగతా మూడు నెలల జీతం గురించి కంపెనీకి నేను రెండు ఉత్తరాలు రాశాను. మూడోది రాయలేదు. నా వీసా కూడా వాళ్ల చేతుల్లోనే ఉంది. ఇది మన బడిలో, మీ అందరి ముందు చెప్పాలనే వచ్చాను.

ఆ కట్టడం తర్వాత వేరే చేతుల్లోకి వెళ్లి పూర్తయింది. ఇప్పుడు చాలా బాగుంటుంది. ఫోటోల్లో చూసే ఉంటారు.

మళ్లీ మనవాళ్లు కొందరు దుబాయ్‌లో కట్టబోయే ఫ్లాట్లు కొంటున్నారని విన్నాను. నిన్న భోజనాల దగ్గర ముగ్గురు అడిగారు. 2007లో వచ్చిన చట్టం ప్రకారం కొనేవాళ్ల డబ్బు ఆ ప్రాజెక్టు పేరిట ఉన్న ఎస్క్రో ఖాతాలోనే పడాలి. ఆ ఖాతా నంబర్ చూపించని వాడికి రూపాయి ఇవ్వకండి. అమ్మేవాడు మన ఊరివాడైనా సరే.

మురుగు సంగతి కూడా చెప్పాలి, తప్పుగా అనుకోకండి. ఊరు పెరిగినంత వేగంగా మురుగు పైపులు పెరగలేదు. చాలా భవనాల నుంచి ట్యాంకర్లలో ఎత్తి ఊరవతల అల్ అవీర్ శుద్ధి కేంద్రానికి మోసేవాళ్లు. 2008లో అక్కడ ట్యాంకర్ల వరుస కిలోమీటర్ల కొద్దీ ఉండేది. ట్రిప్పుకింత అని కూలి తీసుకునే డ్రైవర్లు గంటల తరబడి నిలబడలేక, కొందరు వాననీటి మ్యాన్‌హోళ్లలో వదిలేశారు. అది జుమేరా బీచ్ దగ్గర తేలింది. డ్రైవర్లను తిట్టారు. పైపు వేయకముందే అంతస్తులు వేసినవాళ్లను ఎవరూ తిట్టినట్టు నేను వినలేదు.

ఇక వాన. ఏడాదికి సగటున వంద మిల్లీమీటర్లు కూడా పడని ఊరు అది. వాననీటి కాలువలకు డబ్బు దండగ అని మా మీటింగుల్లోనే విన్నాను. 2024 ఏప్రిల్ 16న ఒక్క రోజులో 140 మిల్లీమీటర్లకు పైగా పడింది. విమానాశ్రయంలో విమానాలు నీళ్లలో నడిచాయి. నేనున్న భవనంలో రెండు బేస్‌మెంట్లు మునిగాయి. కార్లు తేలాయి, లిఫ్టులు ఆగాయి. ముసలివాళ్లు పద్నాలుగో అంతస్తులో మూడు రోజులు చిక్కుకున్నారు. నీళ్లు పోవడానికి దారే లేదు. ఒకప్పుడు వాలు ఉన్నచోట రోడ్డు, రోడ్డు పక్కన గోడ, గోడ వెనక ఇంకో టవర్. రెండు నెలలకు అక్కడి ప్రభుత్వం 3,000 కోట్ల దిర్హాములతో వాననీటి కాలువల పథకం ప్రకటించింది. 2033కు పూర్తి చేస్తారట. చేస్తారు కూడా, వాళ్లు తలుచుకుంటే చేస్తారు. ఆ ఊరి మీద నాకు గౌరవం ఉంది. నా పిల్లల చదువులు ఆ ఊరు పెట్టిన అన్నంతోనే అయ్యాయి.

చివరగా మన సంగతి. స్వర్ణోత్సవ భవనం నక్షా కమిటీ వాళ్లు నాకు చూపించారు. ముందు వైపు అద్దాలు, పెద్ద ఆర్చి, దాతల పేర్ల రాయి అన్నీ బాగున్నాయి. కానీ కడుతున్నది వెనక పల్లంలో. మేము తవ్విన కాలువ మీదుగా కొత్త ప్రహరీ గోడ వచ్చింది. నిన్న సాయంత్రం నేను, నేను చెప్పిన ఆ తమ్ముడు కలిసి వెళ్లి చూశాం. ఆయన ఇప్పుడు మన ఊళ్లోనే మోటార్లు బాగుచేస్తాడు. ఇక్కడే, వెనక వరుసలో కూర్చున్నాడు. పునాది గుంతల్లో మోకాలిలోతు నీళ్లున్నాయి. వాన పడి నాలుగు రోజులైంది.

అద్దాలు మానేసి ఆ డబ్బుతో పీఠం మూడడుగులు లేపండి. గోడలో రెండు చోట్ల తూములు పెట్టండి. నా పేరు మీద రాయించుకున్న విరాళం దానికే వాడమని కోశాధికారి గారికి రాసిచ్చాను. పాత కాలువ ఎక్కడుందో మా ఇద్దరికీ గుర్తుంది. రేపు పొద్దున ఏడింటికి లెవెల్ పైపు తీసుకుని అక్కడ ఉంటాం. కమిటీ వాళ్లు, ఇప్పటి సైన్స్ టీచర్ గారు, వీలైతే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా రండి. పారలు మేము తెస్తాం.