వంద అఫిడవిట్లు, ఒక గుర్తు: పార్టీ పెట్టాలంటే చట్టం ఏమంటోంది

(గగన్‌పహాడ్ రైతుల సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన రెండు మూడు సమావేశాల్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. "ఏ పార్టీ వచ్చినా మన భూమి సంగతి ఇంతే, మనమే ఒక పార్టీ పెడదాం" అని. కోపంతో అన్నదే అయినా కొట్టిపారేసే మాట కాదు. విమానాశ్రయం కింద సుమారు 5,500 ఎకరాలు పోయాయి. 2008లో విమానాలు దిగడం మొదలయ్యాక గగన్‌పహాడ్ నుంచి శంషాబాద్ దాకా రోడ్డు పక్కన పొలం కనబడాలంటే గోదాముల గోడల మధ్య వెతుక్కోవాలి. మిగిలిన భూమి గురించి అసెంబ్లీలో అడిగే మనిషి ఉండాలని కోరుకోవడంలో తప్పేముంది? అందుకే చట్టం తీసి చదివాం. చదివింది మీ ముందు పెడుతున్నాం.

పార్టీ పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. కాకపోతే పార్టీ పేరుతో ఎన్నికల్లో నిలబడాలంటే కేంద్ర ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరు కావాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో దానికి 29ఎ సెక్షన్ ఉంది. అది మొదట్నుంచీ ఉన్నది కాదు, 1988 సవరణతో వచ్చింది. 1989 జూన్ నుంచి అమలవుతోంది.

నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి.రంగా గారు 1951లో కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టినప్పుడు ఈ సెక్షన్ లేదు. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడైనప్పుడూ లేదు. సహకార సేద్యం పేరుతో రైతు భూమి చేజారిపోతుందన్న భయం ఆ పార్టీకి ఊపిరి పోసింది. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. ఇప్పుడైతే ప్రతి కొత్త పార్టీ తన నియమావళిలో రాజ్యాంగానికి, సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు కట్టుబడతామనీ, దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను నిలబెడతామనీ రాసివ్వాలి. ప్రభుత్వ సోషలిజాన్ని ఎదిరించడానికే పుట్టిన స్వతంత్ర పార్టీ ఇవాళ వస్తే ఆ కాగితం మీద ఏం రాసేదో!

ఇక కాగితాల సంగతి. పార్టీ ఏర్పడిన 30 రోజుల లోపు ఢిల్లీలోని ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేరాలి. ఫీజు 10,000 రూపాయలు, డిమాండ్ డ్రాఫ్టుగా. నియమావళి ప్రతి పెట్టాలి. పార్టీలో పదవులకు ఐదేళ్ళు దాటకుండా ఎన్నికలు జరుపుతామనీ, రిజిస్టరైన ఐదేళ్ళలోగా ఎన్నికల్లో పోటీ చేస్తామనీ అందులో ఉండాలి. ఆ తర్వాత రెండు జాతీయ దినపత్రికల్లో, రెండు స్థానిక దినపత్రికల్లో రెండేసి రోజులు ప్రకటన వేయించాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి 30 రోజులు గడువు. ఈ ప్రకటనల ఖర్చు ముందు పదివేల ఫీజు లెక్కలోకే రాదు.

అన్నిటికన్నా మనల్ని ఆపిన షరతు వేరే ఉంది. కనీసం వంద మంది సభ్యులు ఉండాలి, అందరూ ఓటర్లై ఉండాలి. ఓటరు జాబితాలో వాళ్ళ పేర్లున్న పేజీల నకళ్ళు జతచేయాలి. ఒక్కొక్కరూ విడిగా అఫిడవిట్ ఇవ్వాలి. అందులో "నేను రిజిస్టరైన మరే రాజకీయ పార్టీలోనూ సభ్యుణ్ణి కాను" అని ప్రమాణం చేయాలి.

ఇప్పుడు మన సంఘం రిజిస్టరు తీసి చూడండి. మనలో కాంగ్రెస్ వాళ్ళున్నారు, బీఆర్ఎస్ వాళ్ళున్నారు, బీజేపీ వాళ్ళున్నారు, ఎర్రజెండా పట్టినవాళ్ళున్నారు. ప్రమాద బీమా వస్తుందని పార్టీ సభ్యత్వం కట్టి, ఆ కార్డు బీరువాలో పెట్టి మరిచిపోయినవాళ్ళున్నారు. ఫోనులో మిస్డ్ కాల్ ఇచ్చి ఏ పార్టీలో చేరామో గుర్తులేనివాళ్ళూ ఉన్నారు. నవ్వకండి, నోటరీ ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే అది నేరం. సంతకం పెట్టే ముందు ప్రతి ఒక్కరూ పాత పార్టీకి రాజీనామా రాసి పంపాలి, దాని నకలు దగ్గర పెట్టుకోవాలి.

రాజీనామా ఒక్క కాగితం, దాని వెనక ఊరంతా ఉంది. పట్టాలో పేరు తప్పు పడిందని తహసీల్దారు ఆఫీసుకు పోయినప్పుడు, మన సంఘంలో ఏ పార్టీ మనిషైనా ముందు నడుస్తాడు. అధికారంలో ఎవరున్నా మనవాడు ఒకడు అక్కడుంటాడు. ఇన్నాళ్ళూ సంఘాన్ని కాపాడింది అదే. వంద మంది ఒక జెండా కిందికి పోతే, మిగిలినవాళ్ళు ఈ పరదా మీద ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చుంటారా?

పార్టీ లేకుండా రైతులు ఎన్నికల్లో దిగిన ఉదాహరణలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్ళ గోస దేశానికి చెప్పడానికి జనం నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అదే ఏడు చట్టం మార్చారు. లోక్‌సభకు 500 ఉన్న డిపాజిట్ 10,000 అయింది, స్వతంత్ర అభ్యర్థికి పది మంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఇప్పుడు డిపాజిట్ లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం.

2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో పోలింగ్ కేంద్రంలో వరుసగా 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. పసుపు బోర్డు మాట దేశమంతా విన్నది, 2025 జనవరిలో బోర్డు నిజామాబాద్‌లో ప్రారంభమైంది కూడా. కానీ ఓటు దగ్గర చూడండి: డిమాండు ఒకటే, గుర్తులు 178. నిరసన తెలపడానికి ఆ దారి సరిపోతుంది. గెలవాలంటే ఒక గుర్తు కావాలి.

గుర్తు రిజిస్ట్రేషన్‌తో పాటు రాదు. ఇది చాలామందికి తెలియని సంగతి. కొత్త పార్టీ గుర్తింపు లేని పార్టీయే. అసెంబ్లీ ఎన్నికల్లో అభ్యర్థులందరికీ ఒకే గుర్తు కావాలంటే కనీసం 5 శాతం స్థానాల్లో పోటీ చేయాలి. మన 119లో అంటే ఆరు. గగన్‌పహాడ్ ఉన్న రాజేంద్రనగర్ ఒక్కటి పట్టుకుంటే కుదరదు. మహేశ్వరం, చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు కలిపితే లెక్క సరిపోతుంది. చేవెళ్ల, వికారాబాద్ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. ఆరుగురి డిపాజిట్ 50,000 రూపాయలు. ప్రతి అభ్యర్థికి ఆ నియోజకవర్గపు ఓటర్లే పది మంది, మొత్తం 60 మంది ప్రతిపాదకులు. అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఈ చట్టం ఎవరికి అనుకూలమో వేరే చెప్పాలా?

డబ్బు లెక్కల విషయంలోనూ మన అలవాటు మార్చుకోవాలి. కళ్ళంలో చందా వసూలు చేసి రసీదు తర్వాత రాయడం పార్టీకి పనికిరాదు. ఒకరి దగ్గర 2,000 దాటి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను మినహాయింపుకే ఎసరు. 20,000 దాటిన విరాళాల వివరాలు ఏటా ఎన్నికల సంఘానికి పంపాలి. ఏటా ఆడిట్ చేయించాలి. అసెంబ్లీ ఎన్నికలు ముగిసిన 75 రోజుల్లో పార్టీ ఖర్చు లెక్క ఇవ్వాలి. పేరు పెట్టి నిద్రపోయినా ఊరుకోరు. ఆరేళ్ళుగా ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో 474 పార్టీలను జాబితా నుంచి తీసేశారు.

పంజాబ్‌లో ఏమైందో కూడా చూశాం. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పైగా కూర్చుని మూడు చట్టాలను వెనక్కి తీయించిన సంఘాల్లో 22 కలిసి 2021 డిసెంబరు 25న సంయుక్త సమాజ్ మోర్చా ప్రకటించాయి. 2022 ఫిబ్రవరి 20న పోలింగ్. రెండు నెలలు కూడా లేవు. ఒక్క సీటూ రాలేదు. అంత పోరాటం చేసినవాళ్ళకే ఆ గడువు చాలలేదు.

మన కమిటీ అభిప్రాయం దాచుకోకుండా చెబుతున్నాం. సంఘం పార్టీ కాకూడదు. సంఘం పేరు, రసీదు పుస్తకం, బ్యాంకు ఖాతా పార్టీకి వాడకూడదు. పార్టీ పెట్టాలనుకునే సభ్యులు విడిగా కమిటీగా ఏర్పడితే మేం అడ్డుపడం, వాళ్ళ సంఘం సభ్యత్వం పోదు. సంఘంలో పదవులున్నవాళ్ళు మాత్రం ఏదో ఒకటి వదులుకోవాలి. దీనితో ఏకీభవించని అన్నలు కమిటీలోనూ ఉన్నారు, వాళ్ళ వాదన వచ్చే సంచికలో వేస్తాం.

అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర్లో రావాలి. వచ్చే సమావేశానికి అందరూ తమ ఓటు ఏ బూతులో ఉందో, పేరు సరిగ్గా ఉందో చూసుకుని ఓటరు కార్డు తీసుకురండి. పాత పార్టీ కార్డులు ఇంట్లో ఎక్కడున్నా వెతికి అవీ తెండి. వంద మంది దొరుకుతారో లేదో ఆ రోజు లెక్కపెడదాం.