బావా, ఏర్!



ఈ రిటైర్మెంట్ సభలో సారు పాఠాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నరు. నేను మాత్రం సారుతో మూడేండ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్నోణ్ని. నా దగ్గరున్న ముచ్చట్లు వేరు. భయపడకు బావా, అన్నీ చెప్పను.

1982లో హనుమకొండకు డిగ్రీ చదువుకు పోయిన. గదిలో రేకు పెట్టె మీద ఒక బక్కపలుచటోడు కూర్చొని ఉన్నడు. "ఏ ఊరు?" అన్న. "ఆదిలాబాద్" అన్నడు. "నీది?" అంటే "భద్రాచలం" అన్న. ఇద్దరం అబద్ధమే చెప్పినం. వాడిది ఉట్నూరు అవతల గోండు గూడెం. నాది చర్ల దగ్గర కోయ గూడెం. టౌనోళ్లమంటే కొంచెం మర్యాద ఉంటదని ఇద్దరి ఆశ.

నెల రోజులు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుకున్నం. "భోజనము చేసితివా?" "చేసితిని." మెస్‌లో పక్కోళ్లు నవ్వుతుంటే మా తెలుగును మెచ్చుకుంటున్నరనుకున్నం.

తర్వాత వాడికి చలిజ్వరం వచ్చింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినం. అర్ధరాత్రి "ఏర్... ఏర్..." అని కలవరించిండు. గదిలో ఉండే మూడో వాడు లేచి, "వీడు ఏట్లో కొట్టుకపోతున్నట్టు కల కంటున్నడురా" అని భయపడ్డడు. నేను గమ్మున చెంబు తెచ్చి నీళ్లు పట్టిన. మా కోయల కూడా నీళ్లను ఏరే అంటం. వాడు తాగి కండ్లు తెరిచి, "నీకెట్ల తెలుసు?" అన్నడు. అంత జ్వరంలో కూడా అనుమానమే!

తెల్లారేదాకా మాటలు సరిచూసుకున్నం. ఇంటిని వాళ్లు రోన్ అంటరు, మేం లోన్ అంటం. తర్వాత అసలు లెక్క. మాకు గట్టు, వాళ్లకు సగ. కొలిచే వేల్పుల లెక్కను బట్టి ఎవరు అన్నదమ్ములో, ఎవరు బావలో తేలుతది. నాది ఐదు, వాడిది ఏడు. "అయితే నువ్వు నాకు బావవు. చెల్లె ఉన్నదా?" అన్నడు. నేను ఇంకో దుప్పటి కప్పిన.

ఆ రోజు నుంచి నా సబ్బు, నా చొక్కా, అన్నీ బావవే. కొత్త చొక్కా నాకంటే ముందు తనే తొడిగేటోడు. అడిగితే, "గోదారి ముందు మా దిక్కు పారి తర్వాత మీ దిక్కు వస్తది. మేం తానం చేసి వదిలిన నీళ్లు మీరు తాగుతలేరా? నేను విడిచిన చొక్కా తొడుక్కోవా?" అనేటోడు.

ఏటా పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు పోవాలె. మొదటేడు "తాత చనిపోయిండు" అని సెలవు చీటీ రాసిండు. రెండో ఏడు రెండో తాత. మూడో ఏడు ఇద్దరం కూర్చొని ఎవరిని చంపాలె అని ఆలోచిస్తున్నం. వాడు ఉన్నట్టుండి కాగితం చింపి, "మేం గోండులం. నాగోబా జాతరకు పోవాలె" అని రాసిండు. వార్డెన్ సారు చదివి, "మొదటేడే ఇట్ల రాస్తే ఇద్దరు తాతలు బతికేటోళ్లు కదరా" అని సంతకం పెట్టిండు.

జాతర నుంచి వచ్చినంక మెస్‌లో, అందరి ముందు, "బావా, ఏర్!" అని గట్టిగ అడిగిండు. నేను వినపడనట్టు తల దించుకున్న. రెండోసారి అడిగిండు. మళ్లీ దించుకున్న. మూడోసారి జగ్గు జరిపిన. వాడు ఏమీ అనలే, నీళ్లు తాగి నవ్విండు. జ్వరంలో చెంబు పట్టిన చెయ్యే, నలుగురి ముందు జగ్గు జరపడానికి మూడుసార్లు పిలిపించుకున్నది. ఆ రెండుసార్లు నేనిప్పటికీ మర్చిపోలే.

తర్వాత వాడు పంతులైండు. ఒకసారి వాళ్ల బడికి పోయిన. ఒకటో తరగతి పిల్ల లేచి "ఏర్" అన్నది. "నీళ్లు అనాలె" అని దిద్దలేదు. ముందు గ్లాసు ఇచ్చిండు, తాగినంక "దీన్నే తెలుగుల నీళ్లంటరు బిడ్డా" అన్నడు. నలభై ఏండ్ల నౌకరీల ఏం నేర్పినవని అడిగితే నేను ఆ గ్లాసునే చూపిస్త.

మాట్లాడి మాట్లాడి నా గొంతు ఎండింది. ఇంతమంది ముందు, ఈసారి నేనే అడుగుత.

బావా, ఏర్!