బడి గడప, ఇంటి గడప

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున ఆలేరు ఒక స్టేషను. కొలనుపాక జైనాలయమును దర్శింపగోరు యాత్రికులు పలువు రిక్కడ దిగి పోవుదురు. వారికి ఆలయము జ్ఞాపకముండును గాని, ఉదయమున సంచులు భుజమున వేసికొని బడికి పోవు పిల్లల గుంపులు జ్ఞాపకముండవు. నేడు మేము ముచ్చటింపదలచినది ఆ పిల్లలను గురించియు, వారిని పంపు ఇండ్లను గురించియు. ముఖ్యముగా కతోలిక క్రైస్తవులు నడుపు ప్రాథమిక పాఠశాలకును ఆ ఇండ్లకును గల చుట్టరికమును గురించి.

ఈ మెట్టప్రాంతమున అట్టి బడులు క్రొత్తవి కావు. ఇటలీలోని మిలాను నగరపు మిషనరీలు హైదరాబాదు రాజ్యమునకు 1855లో వచ్చిరి. 1952లో వరంగల్లు కేంద్రముగ ఒక మేత్రాసనము, 1976లో నల్లగొండ కేంద్రముగ మరియొకటి ఏర్పడెను. నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు ఈ రెండవదాని క్రిందికి వచ్చినవి. గుడి కట్టినచోట బడియు, వీలైనచోట దవాఖానయు పెట్టుట వారి వాడుక. ఊరివారు మొదట దవాఖానను నమ్మిరో, బడిని నమ్మిరో చెప్పలేము. మా ఊహలో మాత్రము ముందు నమ్మినది మందునే.

ఇట్టి బడిలో కూర్చుండు పిల్లలలో క్రైస్తవుల బిడ్డలు తరచుగా కొద్దిమందియే. తక్కినవారు నేతగాండ్ర బిడ్డలు, రైతుల బిడ్డలు, కూలివారి బిడ్డలు, చిన్న ఉద్యోగుల బిడ్డలు. ఒకే గంటలో కతోలికుల పిల్లలు జ్ఞానోపదేశమునకు పోవుదురు; మిగిలినవారు నీతిపాఠము విందురు. సర్కారు గుర్తింపుగల బడిలో పిల్లవాని పెద్దల సమ్మతి లేక మతబోధకు కూర్చుండబెట్టరాదని మన రాజ్యాంగము 28వ అధికరణములో స్పష్టముగా చెప్పినది. పిల్లల కీ అధికరణములతో పనిలేదు. క్రిస్మసుకు పశువులపాక కట్టునపుడు వరిగడ్డి తెచ్చునది రైతుబిడ్డడే. బతుకమ్మ దినములలో తంగేడుపూవులు కోయుటకు క్రైస్తవుల పిల్లయు పోవును. పెద్దలు దీనిని మతసామరస్యమని సభలలో పొగడుదురు. పిల్లల కది సెలవుకు ముందటి సంబరము మాత్రమే.

అయినను బడి, ఇల్లు నిజముగా కలిసి బ్రతుకునది పండుగనాడు కాదు, మామూలు దినమున. 1965లో రోము నగరమున జరిగిన వాటికను మహాసభ విద్యను గురించి ఒక ప్రకటన వెలువరించినది. బిడ్డకు మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని అందలి భావము. బడి వారికి తోడు మాత్రమే. మాట చాల గొప్పది. కాని ఆ మొదటి గురువునకు అక్షరము రానిచో ఏమగును?

మేమొక బడిని ఎరుగుదుము, పేరుతో పనిలేదు. అచట ప్రతి పిల్లవానికి ఒక డైరీ యుండును. బడివారు చెప్పదలచినదెల్ల అందు ఇంగ్లీషున వ్రాసి పంపుదురు. ఇంటివారు సంతకము చేసి మరల పంపవలెను. ఒకనాడు రెండవ తరగతి పిల్ల తల్లి, మగ్గముమీద నుండి లేచి వచ్చినది, డైరీ చేతబట్టుకొని గడప ఇవతలనే నిలిచినది. "సిస్టరమ్మా, ఇండ్ల ఏం రాసిండ్రో నాకు తెల్వదు. ఏలిముద్ర ఏడ ఎయ్యాలె?" అని అడిగినది. అందు వ్రాసినది మరేమియు కాదు. పిల్ల లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకొన్నదని. తల్లి మూడు దినములు ఏమి తప్పు జరిగెనో అని భయపడినది. తన బిడ్డను పొగడిన మాట తన యింటిలోనే ఉండి తనకు చేరలేదు.

ఆమె అత్తమామల కాలమున కూడ ఇట్లే. నిజాము పాలన ముగిసిన 1948 వరకు సర్కారు కాగితములు ఉర్దూలో వచ్చెడివి. తెలుగు రైతు అందేమున్నదో ఎరుగకయే వ్రేలిముద్ర వేసెడివాడు. మనుమరాలి కాలమునకు కాగితపు భాష మారినది. వ్రేలు మాత్రము మారలేదు. ఇంగ్లీషు నేర్పుట తప్పని మే మనము. ఆ తల్లియే ఇంగ్లీషు కొరకు ఫీజు కట్టుచున్నది. పిల్లకు నేర్పు భాష ఒకటి, తల్లితో మాటాడు భాష మరొకటి అని చెప్పుటయే మా ఉద్దేశము.

ఇక ఫీజు మాట. సర్కారు ఎయిడు లేని బడి ముఖ్యముగా పిల్లల ఫీజుపైననే నడువవలెను. పంతుళ్లకు నెల మొదట జీతమియ్యవలెను. నేతగానికి నెల మొదలన్నది లేదు. పడుగు దిగి బట్ట అప్పగించిన పిమ్మటనే కూలి చేతికి వచ్చును. బడివారి తారీఖును మగ్గపు తారీఖును కలియవు. పిల్లవానిని తరగతిలో నిలువబెట్టి ఫీజడుగుటకంటె, బట్ట ఎప్పుడు దిగునో తండ్రిని కనుగొనుట సులభము. ఇది దయ కాదు, లెక్క.

నేతయింటిలో పనియంతయు కుటుంబపు పని. చిటికి కట్టుటకు ముందు నూలును ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగ నిలిపిన మేకుల చుట్టు దారమును త్రిప్పుచు చేయి ముందుకు వెనుకకు ఆడించు పని యది. ఒక చీరకు సుమారు 9,000 మారులు చేయి ఆడవలెనని లెక్క. ఆ పని ఎక్కువగా స్త్రీలదే. ఆలేరు మండలము శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజముల నొప్పిని చూడలేక 1992లో ప్రయత్నము మొదలుపెట్టి 1999లో ఆసుయంత్రమును సిద్ధము చేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. ఆయన ఆరవ తరగతితో బడి మానవలసి వచ్చినవాడు. బడి ఆయనను నిలుపుకొనలేకపోయినది. ఇల్లే ఆయనకు యంత్రశాస్త్రము నేర్పినది. ఈ ముచ్చట తలచినపుడెల్ల, ఎందరు మల్లేశములు ఏడవ తరగతి గడప యీవలనే నిలిచిపోయిరో అని మాకు దిగులు కలుగును.

డైరీతో వచ్చిన తల్లి కథ కొంచెము మిగిలియున్నది. ఆనాటి సిస్టరు ఆమెను లోనికి పిలిచి, బల్లమీద కూర్చుండబెట్టి, వ్రాసినదంతయు తెలుగున చదివి వినిపించినది. వ్రేలిముద్ర అక్కరలేదని చెప్పినది. తరువాతి నెలనుండి ఆ తరగతి డైరీలో ఇంగ్లీషు క్రింద తెలుగున ఒక పంక్తి వచ్చుచుండెను. తల్లిదండ్రుల సమావేశము పగలు పదకొండు గంటలనుండి సాయంకాలమునకు మారినది. వచ్చువారి సంఖ్య పెరిగినది. కొందరు పంతుళ్లు గొణుగుకొనిరి, ఇల్లు చేరుట ఆలస్యమగుచున్నదని. వారి మాటయు అన్యాయము కాదు. వారికిని ఇండ్లున్నవి, పిల్లలున్నారు.

మరి కొన్ని నెలలకు ఆ తల్లినే తరగతికి పిలిచిరి. ఆమె ఆసుపలకను మోసికొని వచ్చి నేలపై పెట్టినది. మేకులెన్ని, ఒక వరుసకు చేయి ఎన్ని మారులు పోవును, పది వరుసల కెన్ని అని పిల్లలను అడిగినది. పంతులమ్మ బోర్డుమీద అంకెలు వేయుచుండెను. కూతురు మొదటి వరుసలో కూర్చుండి, అందరికంటె ముందే జవాబు చెప్పుచు, మధ్యమధ్య తల్లి వైపు చూచుచుండెను. తల్లి ఆ పిల్లను ఆపి, "నువ్వు ఊకో బిడ్డా, ఎనుక కూసున్నోళ్లను చెప్పనియ్యి" అన్నది.